కోతలాయన కొయ్యని కోతలు

కోతలు రెండు రకాలు. నోటితో కోసేవి, చేత్తో కోసేవి. నోటితో కోసేవాడికి పెట్టుబడంటూ ఏమీ అక్కర్లేదు, నరం లేని నాలుక ఒక్కటుంటే చాలు. చేత్తో కోసేవాడికి మాత్రం ఒక సబ్‌స్టేషనూ, అందులో ఒక హ్యాండిలూ, తిప్పమని చెప్పడానికి పైనుంచి ఒక ఫోనూ కావాలి. మన పెద్దమనిషి ఈ రెండో రకం. ఊరికి కరెంటు కోయడం ఆయన ఉద్యోగం. నోటితో కోసే విద్య ఆయనకు ఎంతకీ అబ్బలేదు. నిన్న వాన పడిందా అని అడిగితే, "మా పెరట్లో పడింది, మీ ఇంటి సంగతి నాకు తెలియదు" అనే రకం.

కానీ ఊరికి ఈ తేడాలన్నీ ఎందుకు? కరెంటు పోగానే వీధివీధి నుంచీ ఫోన్లు. "హలో, కోతలాయనేనా? మళ్లీ కోశావా?" ఆయన ఓపిగ్గా, "కోశానండీ, తొమ్మిదింటికి ఇస్తాను" అనేవాడు. అలా ఫోన్లోనే ఆయన అసలు పేరు మాసిపోయి, కోతలాయన అన్నది మిగిలింది. కూరలమ్మి దగ్గర్నుంచి కోడలి పుట్టింటివాళ్ల దాకా అందరికీ ఆయన కోతలాయనే. అందులో ఎగతాళి ఉందేమో కానీ అవమానం లేదని ఆయన ఏనాడూ పట్టించుకోలేదు.

చిక్కంతా ఆయన రిటైరయ్యాక వచ్చింది. దేశానికి కొత్త కరెంటు కేంద్రాలు వచ్చాయి. కొండల మీద గాలిమరలు, ఇళ్ల కప్పుల మీద సోలారు పలకలు వచ్చాయి. చూస్తూ చూస్తూ ఉండగానే కోతలన్నవి ఊళ్లోంచి మాయమైపోయాయి. కోతలు పోయాయి కానీ పేరు పోలేదు. ఆ తరవాత పుట్టిన పిల్లలకు కరెంటు కోత అంటే ఏమిటో తెలియదు. వాళ్లకు తెలిసిన కోతలు ఒకటే రకం, నోటితో కోసేవి. కాబట్టి కోతలాయన అంటే గొప్పలు చెప్పుకునే ముసలాయన అని వాళ్లు తేల్చేసుకున్నారు. ఆ పిల్లల్లో ఆయన మనవరాలు కూడా ఒకతి.

ఆ పిల్లంటే కోతలాయనకు ప్రాణం. అన్నం కలుపుతూ ఒక కథ, జడ వేస్తూ ఒక కథ చెప్పేవాడు. ఆయన కథలన్నీ కరెంటువే, కాకుంటే నీళ్లవి, ఎందుకంటే ఆయనకు వేరే ఏమీ జరగలేదు.

"నా చిన్నప్పుడు మా ఇంటికి ఒకే బల్బు ఇచ్చారు. గదులేమో రెండు. మా నాన్న మధ్య గోడకు కన్నం కొట్టించి, ఆ కన్నంలో వేలాడదీశాడు. అటు సగం వెలుగు, ఇటు సగం. అటువైపు ఎక్కువ వెలుగు పోతోందని మా అమ్మా పిన్నీ రోజూ దెబ్బలాడుకునేవారు."

మనవరాలు పకపకా నవ్వేది. "తాతయ్యా, కొయ్యకు."

"నిజమే తల్లీ. నీళ్లకూ అంతే. వీధికంతా ఒకటే కుళాయి. తెల్లారకముందే బిందెలు వరసలో పెట్టేసి మనుషులు వెళ్లి పడుకునేవాళ్లు. బిందె లేనివాళ్లు రాయి పెట్టేవాళ్లు. నీళ్లొచ్చే వేళకు ఒకరి రాయి ముందుకు జరిగిందని ఇంకొకరు, ఇక చూడు."

"రాళ్లు లైన్లో నిలబడేవా!" అని కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వేది ఆ పిల్ల. ఆయన ఎంత నిజం చెబితే అంత నవ్వేది. మనవరాలు నవ్వితే సంతోషించని తాత ఉండడు, కానీ ఈయనకు ఆ నవ్వులో ఏదో గుచ్చుకునేది. తన బతుకంతా ఆ పిల్లకు హాస్యకథ అయిపోయింది.

ఇక్కడ నీళ్లాయన గురించి కూడా చెప్పాలి. కోతలాయన భార్యకు స్వయానా తమ్ముడు, ఊరి పంపుహౌసులో పనిచేసి రిటైరైనవాడు. ఆయన నోరు తెరిస్తే మాటలు కోటలు దాటతాయి. ఒకసారి ట్యాంకులో మొసలి పడితే చొక్కా విప్పి దూకి, దాని మూతి తాడుతో కట్టి పైకి లాగానంటాడు. ఒక ఏడు వరద వస్తే వాల్వు మీద మూడు రోజులు కూర్చుని ఊరిని కాపాడానంటాడు. వాల్వు మీద కూర్చుంటే వరదెలా ఆగుతుందని ఎవరూ అడగలేదు. కుళాయిలో నీళ్లు వదిలే చెయ్యి కదా, ఆ నోటి నుంచి అబద్ధమెందుకు వస్తుందని జనం నమ్మకం. ఇచ్చేవాడు సత్యవంతుడు, కోసేవాడు అబద్ధాలకోరు. ఊరి న్యాయం అలా ఉంటుంది.

బావాబావమరుదుల మధ్య ఉద్యోగాలు తెచ్చిన తగువు ఒకటుండేది. పంపు తిరగాలంటే కరెంటు కావాలి. కరెంటు పుట్టాలంటే ఆనకట్టలో నీళ్లుండాలి. ఒక వేసవిలో ఆనకట్ట ఎండింది, కోతలు పెరిగాయి, ట్యాంకు నిండలేదు. జనం ఖాళీ బకెట్లతో పంపుహౌసు మీదికి వెళ్తే, నీళ్లాయన గేటుకు బోర్డు కట్టాడు. "కరెంటు లేక నీళ్లు లేవు. మా బావను అడగండి." బకెట్లన్నీ సబ్‌స్టేషనుకు వచ్చాయి. కోతలాయన ఆలోచించి తనూ ఒక బోర్డు కట్టాడు. "నీళ్లు లేక కరెంటు లేదు. మా బావమరిదిని అడగండి." రెండు బోర్డుల్లోనూ అక్షరం పొల్లుపోకుండా నిజమే ఉంది. ఆ ఎండలో జనం అటూ ఇటూ తిరిగి మూడు చెరువుల నీళ్లు తాగినంత పనయింది, ఆ చెరువులూ ఎండిపోయి ఉండబట్టి సరిపోయింది.

ఈ సంగతి మనవరాలికి చెబితే, "తాతయ్యా, ఇది మాత్రం అన్నిటికన్నా పెద్ద కోత" అంది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఆ పిల్ల బడి నుంచి వస్తూనే చెప్పింది. "మా టీచరు ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని తీసుకురమ్మంది. మన దేశంలో కరెంటూ నీళ్లూ ముందు ఎలా ఉండేవో, ఎలా వచ్చాయో క్లాసులో చెప్పాలట. సోమవారం."

మాట పూర్తయ్యేలోగానే కోతలాయన లేచి బీరువా తెరిచాడు. లోపల పైఅరలో తెల్ల చొక్కా ఉంది, దాన్ని తీసి మడతలు చూస్తున్నాడు.

"నీళ్ల తాతయ్యని తీసుకెళ్తా" అంది మనవరాలు.

చొక్కా ఆయన చేతిలోనే ఉండిపోయింది. "నేనున్నాగా తల్లీ. కరెంటు నాదే కదా."

ఆ పిల్ల కాస్త ఇబ్బందిపడి, ఆయన మోచెయ్యి పట్టుకుని మెల్లిగా చెప్పింది. "నువ్వు చెప్తే అందరూ నవ్వుతారు తాతయ్యా. నువ్వు కోతలు కోస్తావని అందరికీ తెలుసు కదా. ఇంట్లో అయితే నాకు ఇష్టమే. క్లాసులో నిన్ను చూసి నవ్వితే నాకు బాగుండదు."

తన పరువు పోతుందని కాదు, తాత పరువు పోతుందని ఆ పిల్ల బాధ. కోతలాయన చొక్కా మళ్లీ పైఅరలో పెట్టి బీరువా మూశాడు. జీవితంలో ఊరంతా తిట్టినా అంత బాధపడలేదాయన.

మర్నాడు మనవరాలిని వెంటబెట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లాడు. ఇస్త్రీ పెద్దాయనది బొగ్గుల పెట్టె, కాబట్టి కోతలతో ఎప్పుడూ పేచీ లేనివాడు, పక్షపాతం లేని సాక్షి అని కోతలాయన లెక్క. "చెప్పవయ్యా, ఆ రోజుల్లో రోజూ కరెంటు పోయేదా లేదా?"

ఇస్త్రీ పెద్దాయన పెట్టె పక్కన పెట్టి, మనవరాలి వైపు గంభీరంగా చూశాడు. "పోవడమేమిటమ్మా. అసలుంటే కదా పోవడానికి. మీ తాత ఇరవై రెండు గంటలు కోసేవాడు. మిగతా రెండు గంటలు కొయ్యడం మర్చిపోయేవాడు."

మనవరాలు బండి పట్టుకుని మరీ నవ్వింది. కోతలాయన ఇంటికి తిరిగి వస్తూ, సాక్షిని తెచ్చుకుంటే గోరుచుట్టు మీద రోకటిపోటు అయిందేమిటా అనుకున్నాడు.

ఆదివారం సాయంత్రం నీళ్లాయన వచ్చాడు, మర్నాటి ఉపన్యాసానికి ముందస్తు తయారీ అట. ముందుగదిలో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. మనవరాలు ఎదురుగా నేల మీద. కోతలాయన భార్య గోడవారగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కోతలాయన కిటికీ దగ్గర, బయటికి చూస్తున్నట్టు కూర్చున్నాడు. వింటున్నాడన్న సంగతి ఆయన వీపు చెబుతూనే ఉంది.

మొసలి అయింది. వరద అయింది. మనవరాలు ఒక్కసారి కూడా నవ్వలేదు, కళ్లు విప్పార్చుకుని వింది. ఎవరి నిజానికి ఎంత విలువో చూడండి.

నీళ్లాయనకు బావ వీపు కనబడుతూనే ఉంది. మనిషి కోతలరాయుడే కానీ మనసు మంచిది. బావనూ కాస్త పైకెత్తుదామనుకున్నాడు.

"మీ తాతయ్య మామూలు మనిషి కాదమ్మా. మీ నానమ్మ పెళ్లి రోజు ఊరంతా చీకటి. మా పందిరి ఒక్కటే పట్టపగల్లా వెలిగిపోయింది. ఎందుకు? పైఆఫీసరు ఫోను చేసి కొయ్యమంటే, మీ తాతయ్య పెళ్లిబట్టల్లోనే ఫోనందుకుని, 'నా పెళ్లికి కొయ్యను. మీరేం చేసుకుంటారో చేసుకోండి' అన్నాడు. అదీ మగతనమంటే."

మనవరాలు గిరుక్కున తిరిగి తాతను చూసింది. "నిజమా తాతయ్యా?"

ఆ చూపు కోసమే ఆయన ఇన్నాళ్లూ ఎదురుచూశాడు. నవ్వులేని చూపు, నమ్మిన చూపు. అయితే నమ్మింది ఆయన జన్మలో చెయ్యని పనిని.

ఆయన ఔనన్నట్టు తలాడించి ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఈలోగా గోడ దగ్గర్నుంచి భార్య అందుకుంది.

"ఏం వెలగడంరా నీ మొహం. భోజనాలు వడ్డించే వేళకు టక్కున పోయింది. ఎవరి ఆకులో ఏం పడుతోందో తెలీకుండా తిన్నారు జనం. మీ బావ పెళ్లిపీటల మీద ఉన్నారని కూడా చూడకుండా, సబ్‌స్టేషనులో ఆయనతో పనిచేసే ఆ పొట్టాయన కోసేశాడు. ఆ రోజు డ్యూటీ ఆయనది. ఆయన చెయ్యి పడిపోను అని ఇప్పటికీ అనుకుంటా."

పొట్టాయన పోయి చాలాకాలమైంది. అయినా ఆవిడ ఆయన చేతిని వదలలేదు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి మళ్లీ మళ్లీ పడిపోతూనే ఉంది.

"అయితే కోసింది పొట్టాయనన్నమాట. తాతయ్య కాదు" అంది మనవరాలు, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

కోతలాయన నీళ్లు నమిలాడు. ఎందుకంటే అసలు జరిగింది ఆయన ఒక్కడికే తెలుసు.

ఆ సాయంత్రం ఫోను వచ్చిన మాట నిజమే. పెళ్లిచావిడి ఆఫీసుగదిలోంచి ఎవరో పిలిస్తే ఆయన వెళ్లి అందుకున్నాడు. అవతల ఉన్నది ఏ ఆఫీసరూ కాదు, పొట్టాయన. "ఏడవుతోంది. మీ పెళ్లి జరిగే వైపుది ఇప్పుడు వంతు. నీ పెళ్లి కదా, ఇవాళ్టికి వదిలేసి పక్కవైపు రెండోసారి కోసేస్తాను. ఏమంటావు?" పక్కవైపు వీధులు మధ్యాహ్నమే ఒక కోత తిన్నాయి. పెళ్లికొడుకు ఒక్క క్షణం ఆగాడు. బయట బావమరిది వీధి పొడుగునా కట్టించిన రంగుబల్బులు తలుపులోంచి కనబడుతున్నాయి. "మన వంతు మనదే. కొయ్యి" అన్నాడు. వచ్చి పీటల మీద కూర్చోగానే, తలొంచుకున్న పెళ్లికూతురు ఎవరి ఫోనని అడగకుండా ఉండలేక చిన్నగా అడిగింది. "రాంగు నంబరు" అన్నాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఈయన ఒక్క అబద్ధంతో పెళ్లి చేసుకున్నాడు. బతుకులో ఆయన ఆడింది అదొక్కటే.

ఇప్పుడు ముందుగదిలో పీకలమీదికొచ్చింది. నోరు మూసుకుంటే మనవరాలి దగ్గర వీరుడు, భార్య దగ్గర నిర్దోషి. నోరు విప్పితే రెండూ పోతాయి. పైగా భార్య కోపం ఎలాంటిదో ఆయనకు తెలుసు, ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలకుండా ఉండదు.

"పొట్టాయన్ని అనకు" అన్నాడాయన కిటికీ వైపు నుంచి తిరిగి. "కొయ్యమన్నది నేనే."

చిక్కుడుకాయ ఆవిడ చేతిలో సగం విరిగి ఆగింది.

ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. "వాళ్లకు రెండు కోతలూ మనకు ఒకటీ లేకపోవడం నాకు బాగోలేదు. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. ఇన్నేళ్లూ ఆయన తిట్లు తింటుంటే ఊరుకున్నాను. అది తప్పే."

"రాంగు నంబరన్నారు" అంది భార్య.

"అన్నాను."

"చీకట్లో నాకు భయమేసి, 'కరెంటెప్పుడొస్తుందండీ' అన్నాను. నేను మీతో మాట్లాడిన మొదటి మాటల్లో ఒకటది. మీరేమన్నారో గుర్తుందా?"

"తొమ్మిదింటికి. ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కాదు."

"సరిగ్గా తొమ్మిదింటికే వచ్చింది. ఎంత మాటమీద నిలబడే మనిషి దొరికాడో అని మురిసిపోయాను. మా అమ్మకు చెప్పాను, మా అక్కచెల్లెళ్లకు చెప్పాను." ఆవిడ పళ్లెం పక్కన పెట్టి లేచింది. "కోసిన మనిషికి తెలియదా మరి, ఎప్పుడొస్తుందో."

నీళ్లాయన సర్దిచెప్పబోయాడు. "అక్కా, అదేమిటంటే, నిజానికి నేనే ఆ రోజు పొట్టాయనతో..."

"నువ్వు నోరు ముయ్యి" అంది అక్క, ఆయన మూసేశాడు.

ఆవిడ తిన్నగా తలుపు పక్కకు వెళ్లింది. అక్కడ గోడకు మెయిన్ స్విచ్చి ఉంది. భర్త వైపు ఒకసారి చూసింది.

"మన వంతు మనదే" అని, టక్కున కిందికి లాగింది.

ఇల్లంతా చీకటైంది. ఫ్యాను ఇంకా కాసేపు తనకు తోచినట్టు తిరిగి ఆగింది. వంటింట్లో ఫ్రిజ్జు గొణుగుడు ఆగిపోయింది. ఆ గొణుగుడు ఒకటుందని మనవరాలికి అది ఆగాకే తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తన ఇంటిని అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ వినలేదు. పక్కగదిలోంచి కోడలు, "ఏమైంది?" అని కేక వేసింది. "కోత" అని నానమ్మ జవాబిచ్చింది.

మనవరాలు చేతులతో తడుముకుంటూ వచ్చి తాత మోకాళ్లను పట్టుకుంది. "రోజూ ఇలాగే ఉండేదా?"

"రోజూ."

"ఇంత చీకటా?"

"ఇంతకన్నా. ఇప్పుడు వీధిదీపం వెలుగు కిటికీలోంచి పడుతోంది కదా. అప్పుడు అదీ ఉండేది కాదు."

తాతను నమ్మడానికి ఆ పిల్లకు చీకటి ఒక్కటీ సరిపోలేదు. ఇంకేదో ఆలోచిస్తోంది. "తాతయ్యా, నీళ్ల తాతయ్య నిన్ను పొగిడితే నువ్వెందుకు కాదన్నావు? ఒప్పుకుంటే నానమ్మ తిట్టేది కాదుగా."

"జరగలేదు కదా తల్లీ."

"కోతలు కోసేవాళ్లు గొప్పలు చెప్పుకుంటారు. తిట్లు పడే సంగతులు చెప్పుకోరు." మోకాళ్ల మీద చేతులు ఇంకాస్త బిగిశాయి. "అయితే ఒకే బల్బు రెండు గదులకి, అది కూడా నిజమేనా? రాళ్లు లైన్లో ఉండడం కూడా?"

"అన్నీ నిజమే."

"బోర్డులు?"

"బోర్డులు నిజమే" అన్నాడు చీకట్లోంచి నీళ్లాయన. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే డాబు లేదు. "మొదట కట్టింది నేనే. మీ తాతయ్య అంతకుముందు రోజు రెండుసార్లు వచ్చి, ఏ వేళకు కోస్తాడో చెప్పి, ఈలోగా ట్యాంకు నింపుకొమ్మన్నాడు. నేను నిద్రపోయాను." ఆయన అంత క్లుప్తంగా మాట్లాడటం ఎవరూ ఎన్నడూ వినలేదు.

"రేపు బడికి నువ్వు రా తాతయ్యా" అంది మనవరాలు కోతలాయనతో. "ఆ తెల్ల చొక్కా వేసుకో."

కోతలాయన కళ్లు చెమ్మగిల్లాయి. చీకటి కాబట్టి ఎవరికీ కనబడలేదు, కోతకు అదొక మంచి గుణం.

"మరి నేను?" అన్నాడు నీళ్లాయన, కాస్త చిన్నబుచ్చుకుని. "మొసలి సంగతి ఎవరు చెప్తారు?"

"నువ్వూ రా. తాతయ్య చెప్పేదంతా నిజమేనని చెప్పు చాలు. నువ్వు చెప్తే అందరూ నమ్ముతారు కదా."

నీళ్లాయన ఈ ఉద్యోగం తన స్థాయికి తగినదా కాదా అని ఆలోచనలో పడ్డాడు. ఉక్కగా ఉంది. వీధిలో అందరి ఇళ్లూ వెలుగుతున్నాయి, ఈ ఒక్క ఇల్లు తప్ప. పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగిచూస్తున్నారు. కోతలాయన ఇంట్లో కోతేమిటని వాళ్లకు ఆశ్చర్యం.

"తాతయ్యా" అంది మనవరాలు, చెమట తుడుచుకుంటూ. "కరెంటెప్పుడొస్తుంది?"

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరంతా ఆయన్ని అడిగిన ప్రశ్న అది. ఎప్పుడూ ఆయన దగ్గర జవాబు ఉండేది. ఇవాళ మాత్రం హ్యాండిలు ఆయన చేతిలో లేదు.

"మీ నానమ్మని అడుగు" అన్నాడు.

తలుపు దగ్గర ఆవిడ ఇంకా నిలబడే ఉంది. తరవాత అడుగులు దగ్గరికి వచ్చాయి. నేల మీద కుర్చీ జరిగిన చప్పుడైంది, ఆయన కుర్చీ పక్కనే.

"తొమ్మిదింటికి" అంది ఆవిడ, కూర్చుని ఆయన చెయ్యి వెతికి పట్టుకుంటూ. "ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కాదు."